అమ్మానాన్నల్ని హైదరాబాద్ నుంచి అమెరికాకి బిజినెస్ క్లాస్‌లో రప్పించాలంటే టికెట్ ఎలా చూడాలి, ఎలా కొనాలి

అమ్మకి రెండు మోకాళ్ళూ మార్చాక డాక్టరు గట్టిగా చెప్పిన మాట ఒకటే. ఎక్కువసేపు కాళ్ళు వేలాడేసుకుని కూర్చోకూడదు, మధ్యమధ్యలో లేచి నడవాలి, వీలైతే కాళ్ళు చాపుకుని పడుకోవాలి. ఖమ్మంలో ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి డల్లాస్‌లో మా గుమ్మం ఎక్కేదాకా లెక్కేస్తే ముప్పై గంటల పైమాటే, అందులో ఇరవై గంటలు విమానంలోనే. అప్పటిదాకా బిజినెస్ క్లాస్ రేటు వైపు చూడను కూడా చూడని నేను ఆ వారమంతా రాత్రిళ్ళు కూర్చుని అదే పని చేశాను. ఆ తర్వాత వాళ్ళకీ, మా అత్తగారికీ, ఇద్దరు ముగ్గురు స్నేహితుల పేరెంట్స్‌కీ బుక్ చేశాను. ఒక్కో పొరపాటూ చేసి నేర్చుకున్నవి కాబట్టి మీకు ఆ డబ్బు, ఆ టెన్షన్ మిగలాలని రాస్తున్నాను.

ముందు ఒక్క విషయంలో క్లారిటీ తెచ్చుకోండి. లక్షలు పోసి మనం కొంటున్నది పెద్దవాళ్ళకి ఏడెనిమిది గంటల నిద్ర. ఎయిర్‌లైన్ పేరు, లాంజ్, వెండి స్పూన్లు అన్నీ తర్వాత. అందుకని టికెట్ చూసేటప్పుడు "ఏ ఎయిర్‌లైన్?" అని మొదలుపెట్టకండి, "పొడుగు ఫ్లైట్ ఏది, అందులో సీటు ఎలాంటిది, దాని ముందూ వెనకా ఎంతసేపు ఆగాలి?" అని మొదలుపెట్టండి.

హైదరాబాద్ నుంచి 2021లో ఎయిర్ ఇండియా షికాగోకి నేరుగా నడిపింది కానీ అది నిలవలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు. దారులు ముఖ్యంగా మూడు. గల్ఫ్ మీదుగా అయితే శంషాబాద్ నుంచి దుబాయ్‌కో దోహాకో నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డల్లాస్‌కి ఏకబిగిన పదహారు గంటలు. యూరప్ మీదుగా, అంటే లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల మారితే ప్రయాణం దాదాపు సగానికి సగం, పదేసి గంటల చొప్పున రెండు ముక్కలు. మూడోది ఢిల్లీ మీదుగా ఎయిర్ ఇండియా. న్యూయార్క్, న్యూవార్క్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్ళేవాళ్ళకి అది పనికొస్తుంది. భాష ఇబ్బంది ఉండదు, కానీ పాకిస్తాన్ మీదుగా దారి మూసినప్పటి నుంచి కొన్ని ఫ్లైట్లు చుట్టూ తిరిగి, మధ్యలో ఆయిల్ కోసం ఆగి వెళ్తున్నాయి. బుక్ చేసే రోజున ప్రయాణ సమయం ఎంత చూపిస్తోందో చూసుకోండి.

ఎకానమీలో అయితే యూరప్ దారే నయం, పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడం నరకం. బిజినెస్ క్లాస్‌లో మాత్రం లెక్క తిరగబడుతుంది. పదహారు గంటల ఫ్లైట్‌లో భోజనం చేసి, దుప్పటి కప్పుకుని, ఎనిమిది గంటలు నిద్రపోయి, లేచి మొహం కడుక్కుని టిఫిన్ తినడానికి టైము ఉంటుంది. పది గంటల ఫ్లైట్‌లో రెండు భోజనాలు, వాటి హడావుడి పోగా మిగిలేది ఐదు గంటల నిద్ర, అదీ రెండుసార్లు ముక్కలుగా. డబ్బు పెట్టేది నిద్ర కోసమే అయితే నా ఓటు గల్ఫ్‌కే. అయితే మీ నాన్నగారు అంతసేపు గాల్లో ఉండటమంటేనే భయపడే మనిషైతే యూరప్‌లో ఓసారి నేలమీద కాళ్ళు పెట్టించడమే మంచిది. అది మీకే తెలియాలి.

ఇప్పుడు సీటు సంగతి. బిజినెస్ క్లాస్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. గూగుల్ ఫ్లైట్స్‌లో టికెట్‌ని తెరిచి వివరాలు చూస్తే కుడిపక్కన ప్రతి ఫ్లైట్‌కీ సీటు రకం రాసి ఉంటుంది. విడిగా గదిలా ఉండే సూట్, పూర్తిగా మంచంలా పరుచుకునే సీటు, ఏటవాలుగా పరుచుకునే సీటు, మామూలు వాలు కుర్చీ. ఈ చివరి రెండూ పొడుగు ఫ్లైట్‌లో కనిపిస్తే ఆ టికెట్ వదిలేయండి. ఏటవాలు సీట్లో పడుకుంటే రాత్రంతా కిందికి జారుతూనే ఉంటారు. నాలుగు గంటల దుబాయ్ ఫ్లైట్‌లో వాలు కుర్చీ ఉన్నా నష్టం లేదు.

రెండోది వరసలో సీట్ల అమరిక. 1-2-1 (ఈ కిటికీ పక్కన ఒకటి, మధ్యలో రెండు, ఆ కిటికీ పక్కన ఒకటి) అని ఉంటే ప్రతి ఒక్కరికీ పక్కన నడవా ఉంటుంది. 2-2-2 అయితే కిటికీ పక్క కూర్చున్నవాళ్ళు పక్కమనిషిని దాటాలి. 2-3-2 అయితే మధ్యలో ఇరుక్కున్న వాళ్ళ గతి ఏమిటో ఊహించుకోండి. ఎమిరేట్స్ పాత 777 విమానాల్లో ఈ 2-3-2 ఉంది. వాటిని ఒక్కొక్కటిగా 1-2-1కి మారుస్తున్నారు కాబట్టి ఏది వస్తుందో ముందే చూసుకోవాలి. వాళ్ళ ఏ380లో ముందు నుంచీ 1-2-1 అమరికే. ఖతార్ వాళ్ళ క్యూసూట్‌లో సీటుకో తలుపు కూడా ఉంటుంది, కానీ దోహా నుంచి వెళ్ళే అన్ని విమానాల్లోనూ అది ఉండదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో 2019 నుంచి వచ్చిన క్లబ్ సూట్ బాగుంటుంది. పాత సీట్లున్న విమానం తగిలితే పక్కవాళ్ళ కాళ్ళు దాటాల్సిందే. ఎయిర్ ఇండియా ఏ350లో తలుపున్న 1-2-1 సీట్లు, పాత 777ల్లో 2-3-2. ఏరోలోపా అని ఒక సైట్ ఉంది, ఏ ఎయిర్‌లైన్, ఏ విమానం అని చెబితే సీట్ల మ్యాప్‌ని కొలతకి తగ్గట్టు గీసి చూపిస్తుంది, కిటికీ ఏ సీటుకి ఉందో ఏ సీటుకి లేదో కూడా తెలుస్తుంది. నేను కార్డు తీసేముందు తప్పకుండా అది చూస్తాను.

నాన్న ప్రోస్టేట్ మాత్రలు వేసుకుంటారు. మొదటిసారి బిజినెస్‌లో వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో కారెక్కగానే ఆయన చెప్పిన మొదటి మాట సీటు గురించీ కాదు, భోజనం గురించీ కాదు. "ఎవర్నీ లేపకుండా నాలుగుసార్లు బాత్రూంకి వెళ్ళొచ్చానురా" అన్నారు. అంతకుముందు ఎకానమీలో వచ్చినప్పుడు పక్కవాళ్ళని ఇబ్బంది పెట్టలేక మంచినీళ్ళు తాగడమే మానేశారట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. 1-2-1 కోసం పదిహేను ఇరవై వేలు ఎక్కువ పెట్టాల్సి వస్తే నేను రెండో ఆలోచన చేయకపోవడానికి కారణం ఇదే.

ఇద్దరూ కలిసి వెళ్తుంటే మధ్యలో ఉన్న జంట సీట్లు తీసుకోండి. అయితే కొన్ని విమానాల్లో ఆ రెండింటి మధ్య దూరం వరసని బట్టి మారుతుంది, ఒక వరసలో దగ్గర దగ్గరగా, తర్వాతి వరసలో టేబుళ్ళు అడ్డం వచ్చి దూరంగా. ఇంకో సంగతి, క్యూసూట్‌లోనూ, ఎతిహాద్ 787లోనూ కొన్ని సీట్లు విమానం తోక వైపు తిరిగి ఉంటాయి. చాలామందికి తేడా తెలియదు గానీ మా అమ్మకి రైల్లో వెనక్కి కూర్చుంటేనే కళ్ళు తిరుగుతాయి, అలాంటి వాళ్ళకి ముందుకి చూసే వరసే చూడండి. వంటగదికీ బాత్రూంకీ ఆనుకుని ఉన్న వరస మాత్రం వద్దు, రాత్రంతా వెలుతురూ చప్పుడూ.

టికెట్ కొన్నాక విమానం మారిపోవచ్చు. ఇది మన చేతుల్లో లేదు. నేను నెలకోసారి, చివరి పదిహేను రోజుల్లో వారానికి రెండుసార్లు బుకింగ్ తెరిచి సీట్లు అవే ఉన్నాయా అని చూస్తాను. మారితే వెంటనే ఫోన్ చేస్తే మంచి సీట్లు ఇంకా ఖాళీగా దొరుకుతాయి.

చవగ్గా కనపడ్డ ప్రతి బిజినెస్ టికెట్‌నీ ముక్కలు ముక్కలుగా చదవండి. పైన పెద్ద అక్షరాలతో బిజినెస్ అని ఉంటుంది, లోపల చూస్తే పదహారు గంటల ముక్క ఎకానమీ, నాలుగు గంటల ముక్క బిజినెస్. సైట్లు ఎక్కడో చిన్నగా రాస్తాయి, అబద్ధం చెప్పవు, మనమే చదవం. అలాగే "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అనే మాట కనపడితే పెద్దవాళ్ళకి అసలు వద్దు. అది రెండు వేరువేరు టికెట్లు, మధ్యలో సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాలి, మొదటిది లేటయితే రెండోవాడికి సంబంధం లేదు. ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే కనెక్షన్ మిస్సయినా తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత వాళ్ళదే.

మధ్యలో ఆగే టైము రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండేలా చూస్తాను. వీల్‌చెయిర్ వచ్చేసరికి అరగంట, సెక్యూరిటీ, టెర్మినల్ మారితే ఇంకో అరగంట. గంటా ఇరవై నిమిషాల కనెక్షన్ మనలాంటి వాళ్ళం పరిగెత్తి అందుకోగలం, వాళ్ళు కాదు. ఎనిమిది గంటలైతే లాంజ్‌లో సోఫా మీద కునికిపాట్లే, మీరు కొన్న నిద్ర అక్కడ పోతుంది.

లాంజ్ అంటే గుర్తొచ్చింది. బిజినెస్ టికెట్ల లోపల కూడా రకాలున్నాయి. ఎమిరేట్స్‌లో స్పెషల్, ఖతార్‌లో లైట్ అనే అన్నిటికన్నా చవక రకాల్లో లాంజ్ ఉండదు. సీటు ఉచితంగా ముందే ఎంచుకోవడం లాంటివి కూడా కోత పడతాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో బిజినెస్ టికెట్ కొన్నా ముందుగా సీటు ఎంచుకోవాలంటే చాలా టికెట్లకి విడిగా డబ్బు కట్టాలి. జంటగా కూర్చోవాల్సిన పెద్దవాళ్ళకి ఆ డబ్బు కూడా కలిపి లెక్కేసి అప్పుడు పోల్చండి. అన్నిటికన్నా ముఖ్యం తేదీ మార్చుకునే వీలు. వెళ్ళే తేదీ ఖాయం గానీ తిరిగొచ్చే తేదీ ఎప్పుడూ ఖాయం కాదు. కోడలి డెలివరీ పదిరోజులు అటూ ఇటూ అవుతుంది, ఊళ్ళో ఎవరిదో పెళ్ళి కుదురుతుంది, ఒంట్లో బాగుండదు. నేను రెండో మెట్టు టికెట్ కొంటాను, తక్కువ రుసుముతో తేదీ మారేది. దానికి ఎక్కువ పెట్టిన డబ్బు మూడుసార్లలో రెండుసార్లు నాకు పనికొచ్చింది.

రేట్ల గురించి. హైదరాబాద్ నుంచి మొదలయ్యే రానూపోనూ టికెట్టూ, డల్లాస్ నుంచి మొదలయ్యే రానూపోనూ టికెట్టూ ఒకే ఫ్లైట్లయినా ఒకే ధర కాదు. పెద్దవాళ్ళకి ఎప్పుడూ హైదరాబాద్ నుంచి రానూపోనూ కలిపే కొనండి. చాలా ఎయిర్‌లైన్లు ఒకవైపు బిజినెస్ టికెట్‌ని రానూపోనూలో సగం కన్నా చాలా ఎక్కువకి అమ్ముతాయి. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి మన దేశంలో ఎకానమీ కాని టికెట్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది, ఎకానమీకి 5 శాతమే. 3 లక్షల ధర మీద అది 54 వేలు. కాబట్టి రెండు సైట్లలో రేట్లు పోల్చేటప్పుడు పన్నులన్నీ కలిపిన చివరి అంకెనే చూడండి.

మే, జూన్ నెలల్లో అక్కణ్ణుంచి పేరెంట్స్ అందరూ బయల్దేరతారు, ఆగస్టులో స్టూడెంట్స్, డిసెంబరులో మనమందరం ఇంటికి. ఆ రోజుల్లో బేరాలు వెతకడం వృథా. ఫిబ్రవరి, మార్చి మొదట్లో, ఎండలు ముదరకముందే ఇక్కడికి రప్పించుకుంటే రేటూ తగ్గుతుంది, ఖమ్మం ఎండలూ తప్పుతాయి. నేను నాలుగైదు నెలల ముందు గూగుల్ ఫ్లైట్స్‌లో అలర్ట్ పెట్టి వదిలేస్తాను, మంగళ, బుధ, గురువారాలు కలిపి చూస్తాను, రెండు మూడు వారాలు గమనించాక మామూలు రేటు ఎంతో మనకే తెలిసిపోతుంది, దానికన్నా కిందికి పడ్డ రోజు కొనేస్తాను. కొలంబోకి వెళ్ళి అక్కణ్ణుంచి ఎక్కితే చవక అని చెప్పేవాళ్ళున్నారు. నిజంగానే తగ్గుతుంది, కానీ డెబ్భై ఏళ్ళ వాళ్ళతో ఆ పని చేయించకండి.

కొనేది మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే కొనండి. రెండోసారి నేను ఒక ఆన్‌లైన్ ఏజెంట్ దగ్గర తొమ్మిది వేలు తక్కువకి కొన్నాను. నెల తర్వాత ఎయిర్‌లైన్ టైము మార్చింది, కనెక్షన్ యాభై నిమిషాలకి వచ్చింది. ఎయిర్‌లైన్‌కి చేస్తే ఏజెంట్‌నే అడగమన్నారు, ఏజెంట్‌కి చేస్తే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలన్నారు. పదకొండు రోజులు రాత్రిళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాను, అటుపక్క నాన్న రోజూ "టికెట్ ఉన్నట్టా లేనట్టా" అని అడగడం. ఆ తొమ్మిది వేలు నాకు ఎంతకి పడిందో లెక్క లేదు. ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొంటే ఇంకో ధైర్యం కూడా ఉంది. అమెరికా రూల్ ప్రకారం, ఆ దేశానికి వెళ్ళే వచ్చే ఫ్లైట్లకి, ప్రయాణం ఏడు రోజులో అంతకన్నా ఎక్కువో దూరంలో ఉంటే, కొన్న 24 గంటల్లోపు పూర్తి డబ్బు వెనక్కి ఇచ్చేలా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండా 24 గంటలు ఆ రేటు పట్టి ఉంచాలి. నేను రాత్రి కొని, పొద్దున్నే అమ్మానాన్నలతో తేదీలు ఇంకోసారి సరిచూసుకుంటాను.

మనం కార్డు వాడేటప్పుడు ఒక మెలిక. కార్డు యజమాని ప్రయాణం చేయనప్పుడు చెక్-ఇన్ కౌంటర్లో కార్డు చూపించమని అడిగే ఎయిర్‌లైన్లు ఉన్నాయి. కార్డు డల్లాస్‌లో నా జేబులో, వాళ్ళు శంషాబాద్‌లో. కొన్న వెంటనే కస్టమర్ కేర్‌కి చేసి కార్డు వెరిఫికేషన్ అవసరమా అని అడిగి, అవసరమైతే ముందే పూర్తిచేయండి.

డబ్బుకి బదులు క్రెడిట్ కార్డు పాయింట్లతో టికెట్ కొనగలిగేవాళ్ళకి ఇది పెద్ద ఊరట. అమెరికాలో చేజ్, అమెక్స్ కార్డుల పాయింట్లు ఎయిర్ కెనడా వాళ్ళ ఏరోప్లాన్ పాయింట్లకీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ళ ఏవియోస్ పాయింట్లకీ మారతాయి. ఆ ఏవియోస్‌ని ఖతార్ ఖాతాలోకి కూడా పంపుకోవచ్చు. ఏరోప్లాన్‌లో ఆయిల్ సర్‌చార్జి వేయరు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫ్లైట్లకి ఏవియోస్ వాడితే ఆ చార్జీలు బాగా బరువు, చివరి పేజీదాకా వెళ్ళి చూసుకోండి. ఒకటే జాగ్రత్త, సీటు దొరుకుతుందని కళ్ళారా చూశాకే పాయింట్లు మార్చండి, ఒకసారి మారిస్తే వెనక్కి రావు. ఇద్దరికీ ఒకే రోజు రెండు సీట్లు దొరకడం కష్టం, అందుకని తేదీల్లో పది రోజుల సందు ఉంచుకోండి.

ఎకానమీ టికెట్ కొని, ఇంత ఇస్తామని వేలంలాగా బిడ్ వేసి బిజినెస్‌కి మారే పద్ధతి చాలా ఎయిర్‌లైన్లలో ఉంది. బిడ్ మనిషికి ఇంత, ఫ్లైట్‌కి ఇంత అని ఉంటుంది కాబట్టి నాలుగు గంటల ముక్కని వదిలేసి పదహారు గంటల ముక్కకే వేయండి. తగిలితే అదృష్టం. కానీ ఆపరేషన్ అయిన మనిషికి తప్పనిసరిగా పడుకునే సీటు కావాలంటే అదృష్టం మీద వదలకూడదు. బిడ్ గెలిచినా సామాను లెక్క సాధారణంగా పాత టికెట్‌దే ఉంటుంది. ఆవకాయ లెక్కలు వేసుకునే వాళ్ళకి అది పెద్ద తేడా, అమెరికాకి ఎకానమీలో చాలావరకు 23 కిలోల బ్యాగులు రెండు, బిజినెస్‌లో 32 కిలోలవి రెండు.

వీసాల గురించి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గల్ఫ్‌లో ఎయిర్‌పోర్టు దాటకుండా మారడానికి మనవాళ్ళకి వీసా అక్కర్లేదు. యూరప్, లండన్‌లలో చెల్లుబాటయ్యే అమెరికా వీసా చేతిలో ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు, పెద్దవాళ్ళకి పదేళ్ళ విజిటర్ వీసా ఉంటుంది కనుక సరిపోతుంది. చిక్కంతా మనకే, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయి, అప్రూవల్ కాగితం మీద ఉంటున్న హెచ్1బీ (ఉద్యోగ వీసా) వాళ్ళు యూరప్ మీదుగా ఇంటికి వెళ్ళబోయి ఎయిర్‌పోర్టులో ఆగిపోతుంటారు. రూల్స్ మారుతుంటాయి, కొనే రోజున ఆ దేశపు ఎంబసీ పేజీలోనే చూసుకోండి.

అబుదాబిది ఒక ప్రత్యేకత. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ పూర్తిచేస్తారు, దిగాక లోకల్ ఫ్లైట్ దిగినట్టు బయటికి వచ్చేయొచ్చు. పదహారు గంటల తర్వాత అలసటతో ఆఫీసరు ముందు తడబడే పెద్దవాళ్ళకి ఇది మేలు. కాకపోతే ఆ క్యూ కోసం అక్కడ కనీసం మూడు గంటలు ఉంచాలి, డల్లాస్ లాంటి ఊరికైతే అమెరికాలో ఇంకో ఫ్లైట్ మారాలి. న్యూజెర్సీ, షికాగో వైపు ఉన్నవాళ్ళు తప్పక చూడాల్సిన దారి.

బుక్ అయ్యాక చేయాల్సినవి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే. మన ఇంటిపేర్లు పొడుగు, ఇనీషియల్ వాడే అలవాటు, కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ ఉంటే ఏం రాయాలో ఆ ఎయిర్‌లైన్‌నే అడిగి రాయండి, ఊహించి రాయకండి. వీల్‌చెయిర్ ఉచితం, వెళ్ళేటప్పటికీ వచ్చేటప్పటికీ ప్రతి ఫ్లైట్‌కీ విడివిడిగా నమోదైందో లేదో చూడండి. భోజనం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. వెజిటేరియన్ అని కనపడగానే వీజీఎంఎల్ నొక్కేస్తారు, అది పాలూ పెరుగూ కూడా లేని వీగన్ భోజనం, ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూరలొస్తాయి. మన పప్పూ అన్నం తరహా కావాలంటే ఏవీఎంఎల్ ఎంచుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళకి డీబీఎంఎల్ ఉంది గానీ మా అమ్మ అది ఒకసారి తిని మళ్ళీ వద్దంది. ఇప్పుడు ఏవీఎంఎల్ చెప్పి స్వీటు పక్కన పెట్టేస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఈ మార్పులు చేసేయాలి.

మందులూ, డాక్టరు చీటీ, మోకాళ్ళలో లోహం ఉందని రాసిన కాగితం చేతిసంచీలోనే. పచ్చళ్ళు చెక్-ఇన్ బ్యాగులోనే, డబ్బా మూత చుట్టూ టేపు, దానిమీద రెండు కవర్లు. మాంసం పచ్చళ్ళు వద్దు, అమెరికా కస్టమ్స్ వాళ్ళు తీసేస్తారు.

ఇక చివరిది, తేదీ. గల్ఫ్ ఫ్లైట్లు చాలావరకు హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. టికెట్ మీద 15వ తేదీ తెల్లవారుజామున 4 అని ఉంటే ఇంట్లోంచి కదలాల్సింది 14 సాయంత్రం. ఖమ్మం నుంచి శంషాబాద్‌కి కారులో నాలుగైదు గంటలు, మూడు గంటల ముందు కౌంటర్ దగ్గర ఉండాలి. మా బాబాయి వాళ్ళు ఒకసారి 15 రాత్రికి బయల్దేరి వెళ్ళారు. అప్పటి నుంచి నేను టికెట్ పంపేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే పంపను, కింద తెలుగులో టైప్ చేసి పెడతాను: "14వ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం భోంచేసి నాలుగింటికల్లా కారెక్కాలి." నాన్న దాన్ని కాగితం మీద రాయించి ఫ్రిజ్‌కి అంటిస్తారు.